రేకు బండి మీద రెండు దెబ్బలు

ఆ ఊళ్ళో తలుపులన్నీ లోపలికే తెరుచుకుంటాయి. బయటికి తెరుచుకునే తలుపు పెట్టించుకున్నవాడు ఏదో ఒక పొద్దున సొంత ఇంట్లోనే ఖైదీ అవుతాడు. తెల్లారేసరికి గుమ్మం అవతల మోకాలెత్తు ఇసుక చేరి ఉంటుంది మరి. అందుకని తలుపు లోపలికి, తలుపు పక్కన ఒక పార. బదిలీ మీద వచ్చి సోకుగా తలుపులు మార్పించుకునే ఉద్యోగులకు ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. ఒకసారి కిటికీలోంచి దూకితే వాళ్ళకే తెలుస్తుందని ఊరివాళ్ళ ధీమా.

ఊరంటే పెద్ద ఊరేమీ కాదు. ఎడారి మధ్య ఒక బజారు, నలభై దుకాణాలు, రోజుకు రెండుసార్లు వచ్చే బస్సు, తూర్పున ఒక ఉప్పు గిడ్డంగి. టీ కొట్టులో గ్లాసు మీద సాసరు బోర్లించి ఇస్తారు. ఒక గుక్క తాగి మళ్ళీ మూసుకోవాలి. మంగలి షాపు గుమ్మానికి తడిపిన దుప్పటి వేలాడుతూ ఉంటుంది. గడియారాలు బాగుచేసే ఆయన ఏడాది పొడుగునా చేసే పని ఒక్కటే, వాటిలోంచి ఇసుక దులపడం. పోస్టాఫీసు గడియారాన్ని మాత్రం ఆయన కూడా వదిలేశాడు. దాన్ని చూసుకుని బస్సుకు బయల్దేరేవాడు ఎవడూ లేడు.

ఆ బజారును ఊడ్చే మనిషిని ఊరంతా చీపురాయన అంటారు. వయసు యాభై రెండు. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళి చేసుకోలేదు, ఇసుకతోనే పెళ్ళయిందని దుకాణాలవాళ్ళ పరాచికం. ఎవరెదురైనా బాగున్నావా అని అడగరు, ఇవాళ ఎన్ని బండ్లు అని అడుగుతారు. అతను వేళ్ళు చూపిస్తాడు. పడమటి గాలి రోజుల్లో రెండు చేతులూ చాలవు.

పొడుగు చీపురుతో ఇసుకను కుప్ప చేయడం, పారతో రేకు బండికి ఎత్తడం, ఊరవతలికి తోసుకుపోయి బోర్లించడం, చివర్న పారను వెనక్కి తిప్పి రేకు మీద రెండు దెబ్బలు కొట్టి మూలల్లో అంటుకున్నది కూడా రాలగొట్టడం. ఇంతే పని. నిన్న ఊడ్చిన చోటే ఇవాళ ఊడ్వాలి. ఇలాంటి కొలువు చేసినవాడికి ముసలితనంలో, ఇదిగో ఇది నేను చేశాను అని చూపించుకోవడానికి ఏమీ ఉండదు. చీపురాయనకు ఉంది. అతని గోడు అదే.

పడమటి చివరి వీధిలో ఆరిళ్ళు. ఆరోది చీపురాయనది. రెండు గదులు, వంటకు ఒక వసారా, వెనక కాస్త ఖాళీ. తండ్రి కట్టిన ఇల్లు. ఆ తండ్రిదీ ఇదే పని, ఇదే బండి. ఇంట్లో ఉండేది అతనూ, అతనికన్నా ఎనిమిదేళ్ళు పెద్దదైన అక్క. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసి, ఉప్పు గిడ్డంగికి గోనెసంచులు కుడుతూ బతికింది. నలభయ్యొకటో ఏట ఆమెకు చూపు మందగించింది. ఆరు నెలల్లో మొత్తం పోయింది. పట్నం తీసుకుపోతే డాక్టరు కళ్ళలోకి దీపం వేసి చూసి, తల అడ్డంగా ఊపాడు. అది ఆమెకు కనిపించలేదు గాని, తమ్ముడికి కనిపించింది.

అది పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమెను చూసినవాళ్ళు ఆమెకు చూపు లేదంటే నమ్మరు. గుమ్మం నుంచి నీళ్ళ కుండకు పదకొండు అడుగులు, కుండ నుంచి పొయ్యికి నాలుగు, పొయ్యి నుంచి వెనక తలుపుకు ఆరు. మధ్యలో మూల విరిగిన బండ ఒకటుంది. బొటనవేలికి అది తగిలిందంటే ఎడమ చేతి వైపు గూట్లో దీపం, దాని కింద అగ్గిపెట్టె. గోడ మీద భుజమెత్తున ఒక పగులు ఉంది, దాన్ని వేళ్ళతో రాసుకుంటూ పోతే పడకగది. దబ్బనంలో పురికొస ఒక్క ప్రయత్నంలో ఎక్కించేది. కళ్ళున్న ఆడవాళ్ళు నాలుగు సంచులు కుట్టే టైములో తాను ఐదు కుట్టి, ఆ నాలుగింటికీ వంకలు పెట్టేది. గడప దాటితే మాత్రం చంటిపిల్లే. వీధిలో రెండడుగులు వేసి చేతులు చాపి నిలబడిపోయేది. అందుకే, ఇల్లు పోతే అక్కకు రెండోసారి కళ్ళు పోయినట్టేనని చీపురాయనకు తెలుసు. మిగతా ఏ సంగతి తెలియకపోయినా ఈ ఒక్కటీ బాగా తెలుసు.

ఆ ఇల్లే పోతోంది.

ఇంటి వెనక ఇసుక దిబ్బ ఉంది. ఇప్పుడది ఇంటికన్నా ఎత్తు. వెనక తలుపు తీసి రెండేళ్ళయింది. వంట వసారా కప్పు మీదికి ఇసుక జారి, దూలం మధ్యలో కుంగింది. ఆ వీధిలో మొదట మేకల పెద్దమ్మ ఇల్లు కూలింది. ఆమె గాలినీ, గాలి పుట్టిన దిక్కునీ, ఆ దిక్కును పుట్టించినవాణ్ణీ తిట్టుకుంటూ మేకలను తోలుకుని వెళ్ళిపోయింది. చీపురాయన ఆమె మంచం మోసిపెట్టాడు. ఆమె తిట్లన్నీ తప్పు చిరునామాకు పోతున్నాయని అతనికి అప్పటికే తెలుసు. నోరు విప్పలేదు.

తండ్రి పని నేర్పిన రోజున ఒకే ఒక్క మాట చెప్పాడు. ఇసుకను గాలి ముఖాన పోయకూడదు, గాలి వీపున పోయాలి. అంటే పడమటి గాలి వీచే ఊళ్ళో తూర్పునే పోయాలి. పడమట ఒక్క బండి పోసినా అది మామూలు కుప్ప కాదు, గాలికి పీట వేసి కూర్చోబెట్టడమే. ఇసుక ఇసుకను పిలుస్తుంది అనేవాడు. తూర్పున ఉప్పు గిడ్డంగి దాటాక పాడుబడిన సున్నపు గుంటలున్నాయి. బజారు నుంచి బండి తోసుకుపోతే అరగంట. తండ్రి ముప్పయ్యేళ్ళు అక్కడే పోశాడు. చీపురాయన కూడా పదమూడేళ్ళు అక్కడే పోశాడు.

అక్కకు చూపు పోయిన కొత్తలో ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. కుడి అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది. ఎప్పుడు కాలిందంటే, పొద్దున నువ్వెళ్ళిన కాసేపటికే అంది. రోజంతా అలాగే కూర్చుంది. మందు ఎక్కడుందో తెలియదు, ఎవర్నని పిలవాలో తెలియదు. 

మర్నాటి నుంచి మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాలనుకున్నాడు. తూర్పున సున్నపు గుంటలకు వెళ్ళి, మళ్ళీ ఊరంతా దాటుకుని పడమటికొచ్చి, తిని, బజారు చేరాలంటే పొద్దు వాలిపోతుంది. ఇంటి వెనక ఖాళీ అయితే బజారు నుంచి ఎనిమిది నిమిషాలు. మధ్యాహ్నపు బండి ఒక్కటి అక్కడ పోస్తే సరి. తండ్రి మాట గుర్తుకు రాకపోలేదు. ఒక్క నెల అనుకున్నాడు, అక్కకు ఇల్లు అలవాటయ్యేదాకా. ఆ నెల పదిహేడేళ్ళు సాగింది.

ఎవరూ అడ్డు చెప్పలేదు. పారిశుధ్యం మేస్త్రీ చూశాడు గాని, బండి తొందరగా తిరిగొస్తోంది కదా అని కళ్ళు మూసుకున్నాడు. గాలి ముఖం, గాలి వీపు అన్నది ఊడ్చే ఇంటివాళ్ళ విద్య, మిగతావాళ్ళకు ఇసుకంటే ఇసుకే. మొదట్లో ఆ కుప్పెక్కి పిల్లలు జారుడు బల్ల ఆడుకున్నారు. ఐదారేళ్ళకు అది ప్రహరీ అంత అయింది. చీపురాయన పోసేది రోజుకు ఒక్క బండే. మిగతాది గాలి పోసేది.

ఆ రోజుల్లో అతనికి ఒక్కటే ఆశ్చర్యంగా ఉండేది. ఏ వేళకు వచ్చినా సరే, ఇసుక పోసి, ముందు వైపుకు తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని లోపల అడుగు పెట్టేసరికి కంచం పెట్టి ఉండేది. రొట్టె వేడిగా, పక్కన గ్లాసుతో నీళ్ళు. ఒక్కోసారి గంట ఆలస్యమయ్యేది. అయినా అంతే. చూపు లేనివాళ్ళకు భగవంతుడు ఇంకేదో ఇస్తాడంటారు, అదే కాబోలనుకున్నాడు.

రెండేళ్ళ కిందట దిబ్బ వెనక గోడను ఆనుకుంది. అప్పుడు గాని అతనికి తెలివి రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బజారు బండ్లన్నీ మళ్ళీ తూర్పుకే తోశాడు. అంతటితో ఊరుకోలేదు. చీకటితో లేచి పని మొదలుపెట్టి, మధ్యాహ్నానికి ఖాళీ బండితో ఇంటికొచ్చి, అలవాటుగా రేకు మీద రెండు దెబ్బలు కొట్టి, తిని, దిబ్బలోంచే ఒక బండి నింపుకుని సున్నపు గుంటలకు తీసుకుపోయేవాడు. సాయంత్రం మరో రెండు. పదిహేడేళ్ళ సంసారాన్ని పారతో మోసి అవతల పారేద్దామని అతని తాపత్రయం. తెల్లారి చూస్తే దిబ్బ ఎప్పట్లాగే ఉండేది. ఇంకో జానెడు ముందుకు జరిగి ఉండేది కూడా.

అక్కకు మాత్రం గాలి ఎక్కువగా ఉందని చెప్పేవాడు.

చివరికి మిగతా ఇళ్ళవాళ్ళు అర్జీ పెట్టుకోగా పట్నం నుంచి ఒక యంత్రం, దానితో పాటు ఒక ఇంజనీరమ్మ వచ్చారు. చీపురాయన ప్రాణం లేచొచ్చింది. యంత్రం తన నెల రోజుల పనిని ఒక పూటలో చేస్తుంటే నోరు తెరుచుకుని చూశాడు. రెండు రోజుల్లో దిబ్బ సగానికి తెగింది. వెనక గోడ కనిపించింది. పరుగున వెళ్ళి అక్కకు చెప్పాడు, ఇంకో రెండు రోజుల్లో వెనక తలుపు తియ్యొచ్చని. ఆమె సంచి కుట్టుకుంటూనే ఉంది.

మూడో రోజు పొద్దున ఇంజనీరమ్మ తెగిన దిబ్బ ముందు నిలబడి చాలాసేపు చూసింది. పై భాగమంతా శుభ్రమైన, సన్నటి ఇసుక. కింద అలా కాదు. సోడా మూతలున్నాయి. బస్సు టికెట్లున్నాయి. పెన్ను క్యాపులు, మంగలి షాపు వెంట్రుకలు, పగిలిన సాసర్ల ముక్కలు, గడియారం ముల్లు ఒకటి. బజారంతా పొరలు పొరలుగా పేర్చినట్టు ఉంది. ఆమె వంగి ఒక సోడా మూత తీసి అరచేతిలో పెట్టుకుంది. ఇది గాలి తెచ్చిన దిబ్బ కాదు, మనిషి పోసింది అంది. మేస్త్రీ ఆకాశం వంక చూశాడు. వీధివాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది చీపురాయన పని. ఊరి ఇసుకంతా ఎత్తినవాడు తన ఇంటి మీదే పోసుకున్నాడు.

"నేనే పోశానమ్మా," అన్నాడు.

"ఎన్నాళ్ళు?"

"పదిహేడేళ్ళు. రోజుకో బండి."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేదని అతనికి అనిపించింది. ఆమె మేస్త్రీకి ఏదో చెప్పి, తర్వాత అతనికీ మెల్లగా చెప్పింది. ఇప్పుడు ఎంత తీసినా లాభం లేదు, గాలి ఈ దారికి అలవాటు పడిపోయింది, ఈ వీధిని వదులుకుంటేనే వెనక వీధులు నిలుస్తాయి అని. ఆ మాట నిజమేనని చెప్పడానికా అన్నట్టు ఆ సాయంత్రం పడమటి గాలి లేచింది. తెల్లారేసరికి వెనక గోడ మళ్ళీ కనిపించలేదు. పది రోజుల్లో ఇళ్ళు ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. ఉత్తరాన కొత్త క్వార్టర్లలో తలా ఒక గది ఇస్తారట. ఇకమీదట బజారు ఇసుక ప్రతి బండీ సున్నపు గుంటల దగ్గరే పోయాలనీ, అక్కడ ఒక మనిషి ఉండి టిక్కు పెడతాడనీ మేస్త్రీ చెప్పాడు. చెప్పేటప్పుడు చీపురాయన కళ్ళలోకి చూడలేకపోయాడు.

వీధివాళ్ళు ఏమీ అనలేదు. మాట్లాడటం మానేశారు, అంతే. సామాన్లు సర్దుకుంటూ అతను కనిపిస్తే తల తిప్పుకునేవారు. వాళ్ళ మంచాలు మోసిపెడతానని వెళ్తే వద్దన్నారు.

ఖాళీ చెయ్యాల్సిన ముందు రోజు సాయంత్రం అతను అక్క పక్కన కూర్చున్నాడు. ఆమె దబ్బనాన్నీ, పురికొస ఉండనూ గుడ్డలో మూట కడుతోంది. చెప్పాలని నాలుగుసార్లు నోరు తెరిచి మూశాడు. ఐదోసారి ఎలాగో మొదలుపెట్టాడు.

"అక్కా, ఆ దిబ్బ గాలి వల్ల కాదు."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలట్రా? రోజూ వినేదాన్నిగా. ఇసుక జారిన చప్పుడు, తర్వాత రేకు మీద రెండు దెబ్బలు. అది విన్నాకే కదా నీకు కంచం పెట్టేదాన్ని."

 భగవంతుడు ఇచ్చిందేమీ లేదు. తన పారే తన రాకను చెప్పేది.

"అయితే నాన్న మాట నీకు గుర్తులేదా?" అన్నాడు చివరికి. అడగకుండా ఉండాల్సిందేమో, అయినా అడిగాడు.

"ఎందుకు లేదు? నీకన్నా ముందు నాకే చెప్పాడు. గాలి ముఖాన పోయకూడదని." ఆమె మూట ముడి బిగించి, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించింది. "మొదటి రోజే చెబుదామనుకున్నాను. చెబితే నువ్వు తూర్పుకెళ్ళిపోతావు, మధ్యాహ్నం రావు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను. రోజంతా ఒక్కదాన్నే ఉండటం నా వల్ల కాలేదురా."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పాపమూ ఇసుకే, పిడికెడూ ఇసుకే. ఒకరికోసం ఒకరు చేసిన పని అది. దాన్ని ఎవరి మీద తోసెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. అతను ఏడ్చాడు. ఆమె చెయ్యి చాపి, గురి తప్పకుండా అతని తల మీద వేసింది. ఆ ఇంట్లో ఏది ఎక్కడుందో ఆమెకు తెలుసు, తమ్ముడి తలతో సహా.

మర్నాడు ఇల్లు మారారు. బయటికి వచ్చేముందు ఆమె గుమ్మం దగ్గర్నుంచి కుండ చోటుకు పదకొండడుగులు నడిచింది. కుండ బండి మీదికి ఎక్కేసింది కదా, చేతికి గాలి తగిలింది. వెనక్కి తిరిగి మళ్ళీ పదకొండడుగులు నడిచి గడప దాటింది. అక్కడి నుంచి చీపురాయన మోచెయ్యి పట్టుకుంది. రేకు బండిలో మంచం, కుండ, పొయ్యి, సంచుల మూట. మొదటిసారి ఆ బండిలో ఇసుక కాకుండా ఇంకోటి పోతుంటే బజారు చూసింది. ఎన్ని బండ్లని ఎవరూ అడగలేదు.

క్వార్టరు ఒకే గది. నున్నటి గోడలు, పగులు లేదు, మూల విరిగిన బండ లేదు, వేలికి ఆనవాలు దొరకడానికి ఏమీ లేదు. ఇరవై గదులు ఒకే వరసలో, అన్నీ ఒకేలా. చీపురాయన గుమ్మం నుంచి కుండకు, కుండ నుంచి పొయ్యికి ఆమె చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఏడు, మూడు. ఆమె పైకే లెక్కపెట్టింది. రెండోసారి తప్పింది. మూడోసారి గోడకు నుదురు కొట్టుకుంది. ఇంకోసారి చూద్దామంటే, చాలు, అలవాటవుతుందిలే అంది. అలవాటు కావడానికి పాత ఇంట్లో ఎన్నాళ్ళు పట్టిందో అతనికి గుర్తుంది. అప్పుడామె వయసు నలభై దాటింది, ఇప్పుడు అరవై.

మధ్యాహ్నం రాలేనని చెప్పాడు. సున్నపు గుంటలకూ క్వార్టర్లకూ మధ్య ఊరంతా ఉంది. నాకు తెలుసులే, సాయంత్రం రా అంది.

మర్నాడు బజారు ఊడ్చి, బండి తూర్పుకు తోసుకెళ్ళాడు. సున్నపు గుంటలో ఇసుక బోర్లించి, పార తిప్పి రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. టిక్కు పెట్టే మనిషి టిక్కు పెట్టాడు. ఎండ నడినెత్తిన ఉంది. చీపురాయన కాసేపు అక్కడే నిలబడ్డాడు. గాలి వీపున పోసిన ఇసుక కదలకుండా పోసినచోటే ఉంది. తండ్రి చెప్పింది అక్షరాలా నిజం. దాంతో ఇప్పుడు చేసేదేమీ లేదు.

పొద్దు గుంకే వేళకు ఇల్లు చేరాడు. తలుపు లోపలికి తోస్తే ఏదో అడ్డం తగిలింది, కుండ పెంకులు. నేలంతా తడి. అక్క పొయ్యి పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది. కాలి బొటనవేలికి గుడ్డ పీలిక చుట్టి ఉంది. గది మధ్యలో కంచం, దాని మీద ఇంకో కంచం బోర్లించి ఉంది. పైకంచం మీద వేలితో రాయగలిగినంత ఇసుక. కింద రొట్టె అట్టముక్కలా బిగుసుకుపోయింది.

"ఎప్పుడు పెట్టావక్కా ఇది?"

"రెండు దెబ్బలు వినబడ్డాయి. వీలు చూసుకుని వచ్చావేమో అనుకున్నాను. ఎంతకీ లోపలికి రాలేదు, పిలిచినా పలకలేదు."

అతను పక్క గదివాళ్ళను అడిగాడు. క్యాలెండరు తగిలించుకోవడానికి మేకు కొట్టామన్నారు. పొద్దున, మీరు పనికెళ్ళిన కాసేపటికే అన్నారు. తిరిగొచ్చి అక్క ఎదురుగా కూర్చున్నాడు. ఆమె కూడా ఏమీ తినలేదని అడగకుండానే తెలిసింది. అతను తిన్నాకే తినడం ఆమెకు అలవాటు. రొట్టె విరవబోతే విరగలేదు. మిగిలిన చెంబు నీళ్ళు చల్లి, మెత్తబడ్డాక ఒక ముక్క ఆమె చేతిలో పెట్టాడు.

"మధ్యాహ్నం దాటిందా?" అని అడిగింది.

"చీకటి పడిందక్కా," అన్నాడు.